దాంపత్యమూ, హార్మోనులూ

"మీరు మునుపటిలా లేరు."

కాపరానికి వచ్చిన మూడేళ్ళకో, ముప్ఫై ఏళ్ళకో ఈ మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ పుడుతుంది. భార్య అయితే ఇలా అంటుంది; భర్త అయితే "నువ్వు మారిపోయావు" అంటాడు. చాలా ఇళ్ళల్లో ఇది పైకి రానేరాదు, లోపలే వుండిపోతుంది. లోపల వున్న కొద్దీ దానికి కొమ్మలూ రెమ్మలూ పుట్టుకొస్తాయి. ఆయనకు నామీద మనసు విరిగిందని ఆవిడా, ఆవిడకు నేనంటే విసుగెత్తిందని ఆయనా ఎవరికి వారే తీర్పు చెప్పుకుంటారు. ఆ తరవాత ఇంట్లో జరిగే ప్రతి చిన్న విషయమూ ఆ తీర్పుకు సాక్ష్యంగానే కనిపిస్తుంది. కాఫీ చల్లారిపోయి వస్తే అదొక సాక్ష్యం. ఆఫీసు నించి ఆలస్యంగా వస్తే అదింకొకటి.

మనిషి మారటం చాలాసార్లు నిజమే. అయితే మారింది మనసా, ఒళ్ళా అన్నది మటుకు ఎవరూ విచారించరు. ఒళ్ళు మారిందని ముందుగా తెలిస్తే చాలా ఇళ్ళల్లో ఆ తీర్పు చెప్పుకునే అవసరమే వుండదు.

ఒంట్లో మార్పులు తెచ్చేవాటిలో ముఖ్యమైనవి హార్మోనులు. ఈ పేరు పుట్టి నూటయిరవై ఏళ్ళు దాటింది. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క పేగుకు వుండే నరాల సంబంధం తెంచేసి, అందులో కాస్త ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా దూరాన వున్న క్లోమం రసం వూరించటం మొదలుపెట్టింది. వార్త నరం ద్వారా వెళ్ళలేదు కనక రక్తం ద్వారానే వెళ్ళివుండాలి. ఇలాంటి వార్తాహరులకు 1905లో స్టార్లింగ్ 'హార్మోను' అన్న పేరు వాడాడు. 'కదిలించేది' అనే అర్థం వచ్చే గ్రీకు మాట నించి ఆ పేరు వచ్చింది.

నరాలు టెలిఫోను లాంటివనుకుంటే, హార్మోనులు తపాలా లాంటివి. ఉత్తరం రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతుంది. దాన్ని విప్పి చదవగల అవయవం మాత్రమే విప్పుతుంది. ఆ తరవాత అందులో వున్నది ఎంతవరకు నెరవేరుతుందన్నది ఇంటి పరిస్థితినిబట్టి వుంటుంది. ఈ చివరి మాట పాఠకులు కాస్త జ్ఞాపకం వుంచుకోవాలి.

హార్మోనుల పేరు కూడా లేని రోజుల్లోనే వాటితో యౌవనం తెచ్చుకోవాలని చూసినవారున్నారు. 1889లో పారిస్‌లో బ్రౌన్-సెకార్ అనే గొప్ప వైద్యశాస్త్రజ్ఞుడు, తనకు డెబ్భైరెండేళ్ళ వయసులో, కుక్కల వృషణాలనించీ సీమపందికొక్కుల వృషణాలనించీ రసం తీసి తనకు తానే సూదిమందుగా ఎక్కించుకున్నాడు. పోయిన బలమంతా తిరిగివచ్చిందని పండితుల సభలో ప్రకటించాడు. ఆ రసానికి దేశదేశాల్లోనూ గిరాకీ పుట్టింది. నిజానికి ఆయన రసం తీసింది నీటితో. ఆ హార్మోను నీటిలో సరిగా కరగదు. ఆయనకు వచ్చిన బలమంతా నమ్మకం తెచ్చిపెట్టినదే. అసలు హార్మోను, అంటే టెస్టోస్టెరోన్, 1935 దాకా చేతికి చిక్కలేదు. బ్రౌన్-సెకార్ పోయి చాలాకాలమైంది కాని ఆయన వారసులు మన వూళ్ళల్లో రైలుకట్ట పక్క గోడలమీద ఇంకా ప్రకటనలు రాయిస్తూనే వున్నారు.

ఇంక సంసారాల సంగతికి వద్దాం.

మొదటి మార్పు పురుటితో వస్తుంది. గర్భిణిగా వున్నంతకాలం ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ అనే హార్మోనులను మాయ దండిగా తయారుచేస్తుంది. కానుపై మాయ పడిపోగానే ఆ రెండూ కొద్దిరోజుల్లోనే అడుక్కి దిగిపోతాయి. పాలు పట్టించే ప్రొలాక్టిన్ పైకి లేస్తుంది. అది అండాశయాలను నిద్రపుచ్చుతుంది కనక ఈస్ట్రోజెన్ తక్కువగానే వుండిపోతుంది. దానివల్ల కోరిక తగ్గటం, లోపలి పొర పొడిబారి కలయిక నొప్పిగా వుండటం పాలిచ్చే తల్లులలో చాలామందికి వుండేదే. వీటికి తోడు నిద్ర వుండదు. రాత్రీ పగలూ ఒక పసిగుడ్డు ఒంటిని అంటిపెట్టుకుని వుంటే, ఇంకొక చెయ్యి మీద పడేసరికి ఆ పిల్ల ఉలిక్కిపడటంలో వింతలేదు. ఆ ఉలికిపాటునే భర్త తనమీద ఏహ్యం అనుకుంటాడు.

ఏడుపూ దిగులూ కానుపైన మొదటి రోజుల్లో చాలామందికి వస్తాయి, పోతాయి. రెండువారాలు దాటినా పోకపోతే మటుకు దాన్ని 'బాలింత మారాం' అని కొట్టిపారెయ్యకూడదు. అది జబ్బు, దానికి వైద్యం వుంది.

తొలికానుపుకు పిల్లను పుట్టింటికి పంపి, మూడోనెలలోనో అయిదోనెలలోనో తీసుకువచ్చే ఆచారం మనకు వుంది. బాలింత ఒంటికి ఇది ఎంతో మేలు చేసింది. కాని దీనిలో ఒక నష్టం కూడా వుంది. ఆ నెలలన్నీ తండ్రి శని, ఆదివారాల చుట్టం. భార్య ఒళ్ళు ఎలా మారిందో, రాత్రుళ్ళు ఎలా గడుస్తున్నాయో అతనికి తెలియదు. అతను స్టేషనులో దించిన మనిషి తిరిగివస్తుందని ఎదురుచూస్తూ వుంటాడు. వచ్చేది వేరే మనిషి.

తండ్రి ఒంట్లో కూడా మార్పు వస్తుందని ఇటీవలనే తేలింది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులకు 2005లో ఒకసారి, నాలుగేళ్ళు పైబడ్డాక ఇంకొకసారి టెస్టోస్టెరోన్ పరీక్ష చేశారు. ఆ మధ్యకాలంలో పెళ్ళాడి తండ్రులైనవాళ్ళలో ఆ హార్మోను, మిగిలినవాళ్ళలో కంటే బాగా ఎక్కువగా పడిపోయింది. రోజుకు మూడుగంటలో అంతకు మించో బిడ్డను చూసుకునే తండ్రులలో అది మరీ తక్కువగా వుంది. 2011లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు కొందరు "అయ్యో, మగతనం పోతుందా?" అని కంగారుపడ్డారట. పోయేదేమీ లేదు. బిడ్డను ఎత్తుకున్న చేతులకు తగినట్టుగా ఒళ్ళు కూడా సర్దుకుంటున్నది, అంతే. మన తండ్రులను ఎవరూ ఇలా కొలిచినట్టు లేదుగాని, శని, ఆదివారాల తండ్రికి ఆ సర్దుబాటు కూడా ఆలస్యమవుతుందేమోనని నా అనుమానం.

రెండో మార్పు నలభై అయిదు దాటాక వస్తుంది. దీన్ని గురించి మనవాళ్ళలో వున్నంత మౌనం ఇంక దేనిగురించీ లేదు. పాశ్చాత్యదేశాల్లో సగటున 51వ ఏట ముట్లుడిగితే, మన దేశంలో 46, 47 ఏళ్ళకే ఆగిపోతాయి. ఆగటానికి నాలుగైదేళ్ళ ముందునించే ఈస్ట్రోజెన్ ఒకరోజు పైకీ ఒకరోజు కిందికీ ఉయ్యాలలూగుతుంది. మెదడులో ఒంటి వేడిని అదుపులో వుంచే కేంద్రం దీనితో తికమకపడి, ఏమీ లేనప్పుడు కూడా ఒళ్ళు వేడెక్కిందనుకుని చెమటలు పట్టిస్తుంది.

"ఏమండీ, ఫాను కాస్త పెద్దది చెయ్యండి."

"డిసెంబరు నెలలో ఫానేమిటి? నాకు చలేస్తుంటే!"

"సరే, మీరు పడుకోండి. నేను హాల్లోకి వెళతాను."

ఇంతే జరుగుతుంది. ఆవిడ హాల్లోకి వెళ్ళింది ఆవిర్లవల్ల. ఆయనకు అర్థమైంది మాత్రం వేరు. రెండు నెలలు గడిచేసరికి ఆ దిండూ దుప్పటీ హాల్లోనే స్థిరపడిపోతాయి. ఎందుకని ఆయన అడగడు, అడిగితే లోకువైపోతానని. ఆవిడ చెప్పదు, ఏ మాటలతో చెప్పాలో తెలియక.

ఆవిర్లు కొందరికి ఏడాది, రెండేళ్ళు వుంటాయి. కొందరికి ఏడేళ్ళు దాటినా వదలవు. చివరికి తగ్గుతాయి. ఈస్ట్రోజెన్ లేక లోపలి పొర పలచబడి పొడిబారటం మటుకు తనంతట తాను తగ్గదు. ఏళ్ళు గడిచినకొద్దీ పెరుగుతుంది. నొప్పికి భయపడి దూరంగా వుంటే, దూరమే అలవాటైపోతుంది. విచారమేమిటంటే, ఈ ఒక్క బాధకు తేలికైన మందులున్నాయి: లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీములూ, హార్మోనులతో పనిలేని తేమ కలిగించే లేపనాలూ. ఎవరికి ఏది పనికివస్తుందో స్త్రీల వైద్యురాలు చూసి చెబుతుంది. రొమ్ము కాన్సరు వచ్చినవారికీ, రక్తం గడ్డకట్టే జబ్బువున్నవారికీ నియమాలు వేరు. ఇదే వయసులో కొందరు స్త్రీలకు ఇంక కడుపొస్తుందన్న భయం తీరిపోయి, పిల్లలు పెద్దవాళ్ళయి, దాంపత్యం మునుపటికన్న సుఖంగా వుండటం కూడా కద్దు. అందరికీ ఒకటే దారి లేదు.

మన రెండు రాష్ట్రాలకూ ప్రత్యేకమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమందికి దగ్గర. తెలంగాణాలో ఎనిమిదిమందికి దగ్గర. దేశంలో మనవే మొదటి రెండు స్థానాలు. ముప్ఫై అయిదేళ్ళకే "ఇంక పిల్లలు అక్కర్లేదుగా, తీసేస్తే గొడవ వదులుతుంది" అనిపించుకుని ఆపరేషను చేయించుకున్నవాళ్ళు మనకు ఎంతమంది తెలుసు! గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, పదేళ్ళకు నెమ్మదిగా రావలసిన మార్పు పదిరోజుల్లో వచ్చిపడుతుంది. ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు, కోరిక చచ్చిపోవటం, ఎముకలు గుల్లబారటం అన్నీ ముందుకు జరుగుతాయి. అండాశయాలు వుంచినా అవి కొంచెం తొందరగా అలిసిపోతాయి. కాగితాలమీద సంతకం పెట్టేది భర్త. "ఇంటికి వెళ్ళాక మీ ఆవిడ ఒంట్లో ఇదిగో ఈ మార్పులు వస్తాయి" అని అతనితో చెప్పేవాళ్ళు అరుదు. ఏడాది తిరిగేసరికి "ఆపరేషనయ్యాక దీనికి కోపం ఎక్కువైంది" అని చుట్టాలతో అంటాడు. ఆపరేషనుకు ముందే "అండాశయాలు వుంచుతారా, తీస్తారా? ఎందుకు?" అని ఇద్దరూ కలిసి అడగవలసిన ప్రశ్న ఇది.

మగవాడికి ముట్లుడిగినట్టు ఒక్కసారిగా ఏమీ ఆగిపోదు. నలభై దాటాక టెస్టోస్టెరోన్ ఏడాదికి నూటికి ఒకవంతు చొప్పున మెల్లిగా దిగుతుంది. అంతకంటే ఎక్కువ దిగటానికి వయసుకన్న బొజ్జా, చక్కెరవ్యాధీ, నిద్రలేమీ ఎక్కువ కారణాలు. చికాగో విశ్వవిద్యాలయంలో పదిమంది ఆరోగ్యవంతులైన యువకులను వారంరోజులపాటు రాత్రికి అయిదుగంటలే నిద్రపోనిస్తే, వాళ్ళ హార్మోను నూటికి పది పదిహేనువంతులు పడిపోయింది. ఇది 2011 నాటి మాట. రాత్రి ఒంటిగంటదాకా చేతిలో ఫోను పెట్టుకుని కూర్చునేవారు దీన్ని గమనించాలి.

అయితే యాభైలో వున్న భర్తకు పడకగదిలో ఓటమి ఎదురైతే, నేరం హార్మోనుదే అనుకోవటం పొరపాటు. చక్కెరవ్యాధి చిన్న రక్తనాళాలనూ నరాలనూ తినేస్తుంది. అక్కడ రక్తప్రసారం మందగించటం, కొన్నేళ్ళ తరవాత రాబోయే గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరిక కూడా కావచ్చు. అందుకే గోడమీది ప్రకటనలను నమ్మి గుట్టుగా పొడులు తినేకంటే, పగటిపూట డాక్టరు దగ్గరికి వెళ్ళటం ప్రాణానికే మంచిది. హార్మోను పరీక్ష పొద్దున్నే చేయించాలి. సాయంకాలానికి అది సహజంగానే తగ్గుతుంది. ఇంకొక ముఖ్యమైన సంగతి: బలానికని టెస్టోస్టెరోన్ ఇంజక్షన్లు పొడిపించుకునే కుర్రవాళ్ళకు వీర్యకణాలు తయారవటం ఆగిపోతుంది. సంతానం కావాలనుకునేవాళ్ళు చేయకూడని పని ఇదే.

ఈ మగవాడు భార్యతో ఏమీ చెప్పడు. పని వుందంటూ ఆలస్యంగా పడుకుంటాడు. ఆవిడకు తోచే కారణాలు రెండే: నేను ముసలిదాన్నయిపోయాను, లేదా ఇంకెవరో వున్నారు. రక్తపరీక్షతో తేలే విషయం అనుమానంగా మారి సంసారాన్ని తొలిచేస్తుంది.

థైరాయిడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది మందగిస్తే మనిషికి అలసట, ఒళ్ళు లావెక్కటం, దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవటం వస్తాయి. ఆడవాళ్ళలో ఎక్కువ. చిన్న పరీక్షతో తెలుస్తుంది; పరగడుపున రోజూ ఒక మాత్ర వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. 'బద్ధకం' అనిపించుకుని ఏళ్ళతరబడి తిట్లు తిన్న ఇల్లాళ్ళు ఎందరో.

ఇంతవరకు ఒళ్ళు మనసును ఎలా నడిపిస్తుందో చూశాం. దీనికి ఎదురుదారి కూడా వుంది. మాట ఒళ్ళును నడిపిస్తుంది. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో కీకోల్ట్-గ్లేసర్ దంపతులు కొత్తగా పెళ్ళయిన 90 జంటలను ఒకరోజల్లా ఆస్పత్రిలో వుంచి, తమకు పడని విషయాలమీద మాట్లాడుకోమన్నారు. మధ్యమధ్య రక్తం తీస్తూ వచ్చారు. ఎత్తిపొడుపులూ వెటకారాలూ ఎక్కువగా వాడినచోట ఆందోళన హార్మోనులు పెరిగాయి, అందులోనూ భార్యలకు ఎక్కువగా. పదేళ్ళ తరవాత విచారిస్తే, విడిపోయినవారిలో ఆ మొదటిఏటి ఆందోళన హార్మోనులు మిగిలినవారికన్న ఎక్కువగా వుండినట్టు తేలింది. 2005లో ఇంకొక 42 జంటల చేతులమీద చిన్న పొక్కులు తెప్పించి చూశారు. ద్వేషంగా మాట్లాడుకునేవారి పుండ్లు, సౌమ్యంగా మాట్లాడుకునేవారి పుండ్లతో పోలిస్తే నూటికి అరవైవంతుల వేగంతోనే మానాయి. 'మాట పుండు మానదు' అని మన పెద్దలంటారు. ఒంటిమీది పుండుకు కూడా మాట అడ్డుపడుతుందని వాళ్ళు వూహించి వుండరు.

మంచిమాటా, మంచిస్పర్శా కూడా అలాగే పనిచేస్తాయి. 2006లో ప్రకటించిన ఒక ప్రయోగంలో 16 మంది పెళ్ళయిన స్త్రీలను మెదడు చిత్రాలు తీసే యంత్రంలో పడుకోబెట్టి, కాలికి కరెంటు తగలవచ్చునని బెదిరించారు. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులోని భయం జాడలు తగ్గాయి. దాంపత్యం బాగున్నవారిలో ఇంకా ఎక్కువ తగ్గాయి. చెయ్యి అందరిదీ చెయ్యే; దాని వెనక వున్న కాపరాన్నిబట్టి దాని గుణం.

ఆక్సిటోసిన్ అనే హార్మోనును పత్రికలవాళ్ళు 'ప్రేమ హార్మోను' చేసేశారు. ముక్కులో పీల్చే మందుగా కూడా అమ్ముతున్నారు. జీవితాంతం ఒకే జంటగా వుండే ఒక గడ్డిమైదానపు ఎలుకజాతిలో దాని మహిమ చూసి ఈ పేరు పెట్టారు. 2023లో అదే జాతిలో, ఆ హార్మోను ఉత్తరాన్ని చదివే శక్తే లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా మామూలుగానే జంటలు కట్టాయి. ఎలుకల ప్రేమే ఒక్క హార్మోనుకు లొంగలేదు.

అందుచేత అన్నిటినీ హార్మోనులమీదికి నెట్టెయ్యటం కూడా తప్పే. పదిమందిలో అవమానం పాలైన భార్య ఆ రాత్రి ముభావంగా వుంటే, దానికి రక్తపరీక్ష అక్కర్లేదు.

మరి మాట్లాడుకోవటం ఎలా? మన భాషలో ఒక చిక్కుంది. ఈ విషయాలకు మనకు రెండురకాల మాటలే వున్నాయి: పుస్తకాల్లో సంస్కృతం, వీధుల్లో బూతు. భార్యాభర్తలు నలుగురిళ్ళల్లో వాడుకోదగిన మధ్యరకం మాటలను మనం తయారుచేసుకోలేదు. చదువుకున్నవాళ్ళు ఇంగ్లీషులోకి పారిపోతారు, తక్కినవాళ్ళు వూరుకుంటారు. కాని దీనికి పెద్ద మాటలతో పని లేదు. "నొప్పిగా వుంటోందండీ, మీరంటే ఇష్టంలేక కాదు" అంటే చాలు. "నాకు ఈమధ్య ఒంట్లో బాగుండటంలేదు, నీతో చెప్పటానికి సిగ్గుపడ్డాను" అంటే చాలు. ఇవి అందరికీ వచ్చిన తెలుగుమాటలే.

చెప్పే వేళ కూడా చూసుకోవాలి. దెబ్బలాట మధ్యలో చెప్పిన నిజం తిట్టులాగానే వినిపిస్తుంది. గాట్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు, తన ప్రయోగశాలలో వాదించుకుంటున్న దంపతులను మధ్యలో ఆపి, యంత్రం సరిచెయ్యాలన్న మిషమీద అరగంటసేపు పత్రికలు చదువుకోమన్నాడు. తిరిగి మాట్లాడటం మొదలుపెట్టేసరికి గుండెవేగం తగ్గి, మాట మర్యాదలోకి వచ్చిందట. వారపత్రికలవాళ్ళకు ఇంతకంటే యోగ్యతాపత్రం ఏంకావాలి!

డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళటం మంచిది. ఇప్పుడు కూడా మన ఆస్పత్రుల్లో స్త్రీల వైద్యురాలి గదిలోకి భార్య ఒక్కతే వెళుతుంది. భర్త బయట బెంచీమీద ఫైలు పట్టుకుని కూర్చుంటాడు. ఆవిడ బయటికి వచ్చాక "ఏమన్నారు?" అంటే "ఏంలేదు, మాత్రలు రాశారు" అంటుంది. లోపల విన్నదంతా బెంచీదాకా వచ్చేసరికి అంతే మిగులుతుంది. "మావారిని కూడా పిలవమంటారా?" అని ఆవిడ ఒక్కమాట అడగవచ్చు. వద్దనే డాక్టర్లు తక్కువ.